అవధానము, దర్శనము: కళాకారుని ఋణవిచారము

ప్రసిద్ధి నొందిన కళాకారుడు వీథిలో కనబడినపుడు అతనిని నిలిపి మాటాడించుటకు, అతని ప్రక్కన నిలిచి ఫోటో తీసికొనుటకు అభిమానికి హక్కు కలదా? అట్లు కోరినవారికెల్ల తన కాలమును, తన మనస్సును వెచ్చింపవలసిన ఋణము ఆ కళాకారునిపై నున్నదా? ఇది నేడు తరచుగ వినవచ్చుచున్న ప్రశ్న. దీనిని మర్యాదకు సంబంధించిన స్వల్పవిషయముగ భావించి కొందరు కళాకారుని అహంకారమును, మఱికొందరు అభిమానుల మోటుతనమును నిందించి విరమించుచున్నారు. కాని యిది కేవలము మర్యాదావిచారము కాదు. కావ్యము నిచ్చినవాడు దానితోపాటు తన్ను కూడ ఇచ్చివేసినట్లేనా అను పురాతనమైన ప్రశ్నయే యిట్లు క్రొత్తవేషముతో మన యెదుట నిలిచియున్నది. కావున సాహిత్యవిమర్శకు ఇందు ప్రమేయము కలదు.

ఈ ప్రశ్నకు సమాధానము వెదకుటకు మనము దూరము పోనక్కఱలేదు. అభిమాని కోరునది కళాకారుని అవధానము. మనస్సును ఒకచోట నిలుపుట అని ఆ మాటకు అర్థము. ఆ మాటనే పేరుగా గల కళారూపమొకటి తెలుగువారి సొత్తుగ వర్ధిల్లినది. ఒక వ్యక్తి యొక్క ఏకాగ్రతను సభాముఖమున పలువురు పంచుకొను పద్ధతిని మనవారు శాస్త్రముగ తీర్చిరి. ఎవరు అడుగవచ్చును, ఎంతవఱకు అడుగవచ్చును, అడిగినవానికి ఎట్టి యర్హత యుండవలెను, ఇచ్చుట యెక్కడ ముగియును అను విషయములు అందు నిర్ణీతములై యున్నవి. ఆ నిర్ణయములు నేటి ప్రశ్నకు ఎంతవఱకు పనికివచ్చునో పరిశీలించుటయే ఈ వ్యాసము యొక్క ఉద్దేశము.

ముందుగా కృతిపతి విషయము చూతము. ప్రాచీనకాలమున కవికి ఋణదాత కృతిపతియే. రాజరాజనరేంద్రుడు నన్నయభట్టును భారతమును తెనిగింపుమని కోరెను. నన్నయ భారతమును తెనిగించెను. రాజు కోరినది కావ్యము, కవి యిచ్చినది కావ్యము. ప్రతిఫలముగ సత్కారమో అగ్రహారమో లభించెడిది. ఉభయుల దానములకును పేరున్నది, మేర యున్నది. కవి దినచర్య యంతయు కృతిపతి సొమ్మని యెవరును పలుకలేదు. పైగా తన శ్రోత యెవ్వడో నిర్ణయించుకొను స్వాతంత్ర్యము కవికే యుండెడిదని చూపుటకు తిక్కన, పోతన సాక్షులు. మొదటివాడు తన భారతభాగమును హరిహరనాథున కంకితము చేసెను. రెండవవాడు భాగవతమును శ్రీరామున కర్పించెను. రాజుకొలువున నుండి కూడ తిక్కన అట్లు చేయగలిగెననుట గమనింపదగినది. కొలువు వేఱు, కృతి వేఱు అను వివేకము ఆనాటి ప్రభువులకును ఉండెనన్నమాట.

ఈ సంబంధమునకు మఱియొక ముఖము కలదు. కొండవీటి యందు పెదకోమటి వేమారెడ్డి కొలువున విద్యాధికారియై, రాజసభలలో సత్కారము లందిన శ్రీనాథుడు తుదిదినములలో దారిద్ర్యము ననుభవించెనని చాటుపద్యములు చెప్పుచున్నవి. ఆ చాటువుల చారిత్రక ప్రామాణ్య మెట్లున్నను వానిని నోటనోట నిలిపికొన్న తెలుగుజాతి యొక యెఱుకను వానిలో దాచుకొన్నది. ఆదరించినవారు గతించినపుడు కవి యొంటరివాడగును. ఋణము కవివైపున మాత్రమే జీవితాంతము నిలిచి, ఆదరించినవారి వైపున సభతోనే తీరిపోవుట న్యాయమా అను ప్రశ్న ఆ పద్యములలో ఇమిడి యున్నది. దీనిని మఱల ప్రస్తావింపవలసి యుండును.

ఇక అవధానము. తిరుపతి వేంకటకవులుగ ప్రసిద్ధులైన దివాకర్ల తిరుపతిశాస్త్రి (1872-1920), చెళ్లపిళ్ల వేంకటశాస్త్రి (1870-1950) సంస్థానముల వెంట తిరిగి ఈ కళకు అపూర్వమైన ప్రచారము కలిగించిరి. వారి 'నానారాజసందర్శనము' ఆ యాత్రలకు సాక్ష్యము. వేంకటశాస్త్రి 'కథలు-గాథలు' అను వచనగ్రంథమున ఆనాటి సభల ముచ్చటలు విరివిగ కలవు. వారు తమ కాలమున నేటి మాటలో చెప్పవలెనన్న గొప్ప 'స్టారులు'. వారిని చూచుటకు, పరీక్షించుటకు, ఓడించుటకు కూడ జనులు గుమిగూడిరి. అయినను ఆ గుంపు సభయైనది, తోపులాట కాలేదు. ఇందుకు కారణము అవధానస్వరూపముననే యున్నది.

అష్టావధానమున పృచ్ఛకులు ఎనిమిదిమంది. ఒకరు సమస్య నిత్తురు, ఒకరు దత్తపది నిత్తురు, ఒకరు వర్ణన కోరుదురు, ఒకరు అడుగడుగునను అక్షరమును నిషేధింతురు. గంటలు లెక్కించుట, పురాణము వినిపించుట వంటి అంశములు సభను బట్టి మాఱుచుండును. శతావధానమున ఈ సంఖ్య నూఱగును. ఎంత పెరిగినను సంఖ్య సంఖ్యయే. దానికి తుది యున్నది. ఇది మొదటి మేర. పృచ్ఛకుడు కూడ విద్వాంసుడై యుండవలెను. పూరింప వీలులేని సమస్య నిచ్చినవానికి సభలో గౌరవము లేదు. అనగా అవధానమును కోరువాడు తానును కొంత అవధానమును చెల్లింపవలెను. ఇది రెండవ మేర.

మూడవది మన ప్రస్తుతవిషయమునకు ముఖ్యమైనది. అదియే అప్రస్తుతప్రసంగము. ఈ పృచ్ఛకుడు పద్యమడుగడు. అవధాని ఏకాగ్రతను చెదరగొట్టుటయే ఇతని పని. వంటను గూర్చి అడుగును, వేషమును గూర్చి అడుగును, ఎగతాళి చేయును. అవధాని నొచ్చుకొనక చమత్కారముగ బదులు చెప్పవలెను. ఆలోచించి చూడగా ఇతడు ఎవ్వడు? కళాకారుని పనిలో నుండగా ఆపి, పనికి సంబంధింపని మాటలాడుటకు తహతహలాడు సామాన్యజనుడే ఇతడు. తెలుగువారు ఇతనిని సభనుండి వెళ్లగొట్టలేదు. ఇతనికి ఎనిమిదింట నొక పీటను వేసిరి. కళాకారుని వ్యక్తిగా పలుకరింపవలెనను కోరిక సహజమైనదేయని అంగీకరించి, దానికి ఒక స్థానమును, ఒక మేరను కల్పించిరి. ఇందలి లోకజ్ఞత ప్రశంసనీయము. ఆ కోరికను పాపముగ చూచుటయు, హక్కుగ చూచుటయు రెండును వారికి తెలియవు.

నాలుగవది ధారణ. చెప్పిన పద్యములన్నింటిని అవధాని తుదకు ఏకరువు పెట్టును. అడిగిన ప్రతివానికి అతని పద్యము అతనికి ముట్టినదని సభ యెదుట రుజువగును. ధారణతో ఋణము తీరినది. మఱునాడు త్రోవలో నొకడు అడ్డగించి సమస్య నిచ్చినచో అవధాని పూరింపవచ్చును, పూరింపకపోవచ్చును. పూరించినచో అది ఔదార్యము. పూరింపనిచో అతని యవధానిత్వమునకు లోపము లేదు. ఇచ్చుట యెక్కడ మొదలగునో, ఎక్కడ ముగియునో ఇంత స్పష్టముగ తెలిపిన కళారూపము మఱియొకటి అరుదు.

హరికథాగానమునందు మేరలు కొంత సడలినవి. ఆదిభట్ల నారాయణదాసు (1864-1945) గజ్జెకట్టి నిలిచినపుడు ఎదుటనున్నవారు ఎనిమిదిమంది కారు, ఊరంతయు. కాని అక్కడను ఎదుటిజనుల ముఖములు దాసునకు కనబడుచుండును, దాసుముఖము వారికి కనబడుచుండును. ఉద్దానపు కొబ్బరితోటల నడుమ జముకు మ్రోతతో సాగు జముకులకథ యందు ఈ సామీప్యము ఇంకను హెచ్చు. కథకుడు ఆ ప్రాంతమువాడే. విన్నవారు అతని యిరుగుపొరుగువారే. ఆ కథారూపమును ఉద్యమవాహికగ జేసి 1969 డిసెంబరులో పోలీసుల చేతిలో హతుడైన సుబ్బారావు పాణిగ్రాహి విషయమున కళాకారునకు ప్రేక్షకులకు నడుమ హద్దు పూర్తిగ చెరిగిపోయినది. అతని మార్గము మంచిదా కాదా అనునది వేఱు చర్చ. మనకు వలసినది ఇంతమాత్రమే: ఎదురెదురుగ కూర్చున్నచోట 'ఒక్కసారి నన్ను చూడుము' అను యాచన పుట్టదు. చూచుట అప్పటికే జరిగిపోవుచున్నది.

ఆ యాచన పుట్టినది చలనచిత్రముతో. చిత్రమున నటుడు మనకు కనబడును, మనము అతనికి కనబడము. అభిమాని తన సొమ్మును, తన గంటలను, తన కన్నీటిని ఒక నీడకు సమర్పించును. నీడ తిరిగి చూడదు. ఆ వెలితిని పూరించుకొనుటకే అతడు నీడ వెనుకనున్న మనుష్యుని వెదకికొని పోవును. కావున అభిమాని ఆరాటమును మూర్ఖత్వమని త్రోసివేయుట విమర్శకు తగదు. అది చలనచిత్రకళ యొక్క స్వరూపమునుండియే పుట్టిన ఆకలి.

అయినను ఆకలి యున్నంతమాత్రమున ఋణము సిద్ధింపదు. ఇక్కడ మన ఆలంకారికుల విచారము తోడ్పడును. భట్టనాయకుడు చెప్పిన సాధారణీకరణమున రంగముపైని శోకము నటునిది కాదు, రామునిది మాత్రమే కాదు, నాది కాదు, పరునిది కాదు, సర్వసాధారణమై ఆస్వాదయోగ్యమగును. అభినవగుప్తుడు సహృదయుని నిర్వచించుచు కావ్యానుశీలనముచే అద్దమువలె నిర్మలమైన మనస్సు కలవాడనెను. ఈ దృష్టితో చూడగా ప్రేక్షకునకు నటునితోగల సంబంధము రసము ద్వారా ఏర్పడినది. నటుని దేహము ద్వారా కాదు. రసానుభవము పూర్ణముగ కలిగినచో నటుడు తన బాకీ చెల్లించినట్లే. వీథిలో అతనిని పట్టి నిలుపుట సాధారణమైన దానిని మఱల 'నాది'గ చేసికొనజూచుట. అది రసమునకు పొడిగింపు కాదు, రసమునుండి జారుట.

నందమూరి తారకరామారావు చరిత్ర ఈ జారుటకు గొప్ప ఉదాహరణము. 'మాయాబజార్' (1957) లో కృష్ణుడుగను, 'శ్రీ వేంకటేశ్వర మాహాత్మ్యం' (1960) లో శ్రీనివాసుడుగను ఆయనను చూచిన తెలుగుజనులు తిరుపతియాత్ర ముగించుకొని మద్రాసు పోయి ఆయన యింటియొద్ద నిలుచుట బహుజనవిదితము. ఆయన వారికి కనబడెడివాడు. ఇక్కడ 'అవధానము' అను మాటకు బదులుగ 'దర్శనము' అను మాట ప్రవేశించినది. ఈ రెండింటికి భేదము సూక్ష్మమైనది కాదు. అవధానమున ప్రశ్న యున్నది, ఉత్తర మున్నది, విద్య యున్నది. దర్శనమున చూచుట మాత్రమే యున్నది. అవధానమునకు తుది కలదు. దర్శనమునకు తుది లేదు. చూడనివాడు ఎల్లప్పుడును మఱియొకడు మిగిలియుండును.

దర్శనము యొక్క స్వరూపము చక్కగ తెలియుటకు శ్రీకాకుళమండలమున టెక్కలి చెంతనున్న రావివలసను చూడవలెను. అక్కడి మల్లికార్జునునకు ఎండల మల్లన్న యని పేరు. ఆ లింగము ఆకాశము క్రిందనే నిలిచియున్నది, పైకప్పు లేదు. గుడి కట్టబోగా స్వామి వలదని యెండలోనే నిలిచెనని ఐతిహ్యము. ఎండను, వానను సహించుచు, వచ్చినవారికెల్ల కనబడుచుండుటయే ఆ దైవము యొక్క మహిమగ జనులు కొనియాడుచున్నారు. అభిమాని కళాకారునినుండి కోరునది సరిగా ఇదియే. కాని ఎండలో నిలిచి యుండగలవాడు దేవుడు. మనుష్యునకు కప్పు కావలెను. మనుష్యుని దేవుడని పిలుచుటలో గౌరవముతోపాటు ఒక కాఠిన్యమును దాగియున్నది. అతనికి గృహము, అలసట, దుఃఖము ఉండరాదను శాసనము అందు గర్భితమై యున్నది. నటులు తమవంతుగ 'ప్రేక్షకదేవుళ్లు', 'అభిమానదేవుళ్లు' అని సంబోధించుట ఈ వ్యవహారమును మఱింత చిక్కుపఱచినది. ఇరువురును ఒకరినొకరు దేవుడని పిలిచికొన్నచోట ఇద్దరిలో ఎవరికిని మనుష్యునకు తగిన హద్దు మిగులదు.

ఈ రావివలస చేరియున్న టెక్కలి నియోజకవర్గముననే ఆ దర్శనము మఱియొక రూపమును దాల్చినది. 1994 శాసనసభా ఎన్నికలలో రామారావు హిందూపురమునుండియు టెక్కలినుండియు పోటీచేసి రెండుచోట్లను గెలిచెను. ఒక సభ్యుడు రెండు స్థానములను నిలుపుకొనుటకు చట్టము అంగీకరింపదు. ఆయన హిందూపురమును ఉంచుకొని టెక్కలిని విడిచెను. 1995లో అక్కడ ఉపఎన్నిక జరిగినది. చట్టదృష్టిలో ఇందు దోషము లేదు. కాని ఋణవిచారమున ఈ ఘట్టము అమూల్యమైనది. చిత్రము చూచిన ప్రేక్షకునకు రామారావు తన కాలమును బాకీపడలేదు. ఓటు వేసిన టెక్కలివానికి మాత్రము పడెను. ఏలనన, ప్రజాప్రతినిధిత్వమున ఇచ్చెదనని చెప్పిన వస్తువే కాలము, అవధానము. నటుడు అమ్మునది నటన. అతని సావకాశము అతనిది. ప్రతినిధి వాగ్దానము చేయునది తన సావకాశమునే. ఒకే వ్యక్తి, ఒకే ముఖము, ఒకే జనసమూహము; కాని ఋణము వేఱు. అభిమానిని ఓటరునుండి వేఱు చేయలేని సమాజము నటుని అడుగరానిది అడుగును, ప్రతినిధిని అడుగవలసినది అడుగక విడిచిపెట్టును. ఈ రెండవ నష్టము మొదటిదానికంటె పెద్దది. వీథిలో నిలువక వెళ్లిపోయిన నటునిపై కోపించుటకు జనులున్నారు; వర్షాకాలమున ఊరిమొగము చూడని సభ్యునిపై అంతటి కోపము అరుదు.

ఇక ఆక్షేపములు. 'అభిమానులే అతనిని పెంచిరి. కావున అతడు వారివాడు' అనునది మొదటిది. ఇందు కొంత సత్యము లేకపోలేదు. కీర్తి ఒక్కని సంపాదనము కాదు. కాని పెంచుట ఋణమగుచో అది ఉభయులకును తగులవలెను. 'త్యాగయ్య' (1946), 'యోగివేమన' (1947) చిత్రములతో తెలుగువారి హృదయములందు భక్తుల రూపమును నిలిపిన చిత్తూరు నాగయ్య అడిగినవారికెల్ల ఇచ్చి, తుదకు కలిమి కోల్పోయి 1973లో కన్నుమూసెను. మహానటి సావిత్రి దీర్ఘకాలము స్పృహలేని స్థితిలో నుండి 1981లో మరణించెను. వారి కాలమును, మందహాసమును, చేతివ్రాలును తమ హక్కుగ కోరిన లక్షలమందిలో వారి కష్టకాలమును తమ ఋణముగ తలచినవా రెందరు? శ్రీనాథుని చాటువులు అడిగిన ప్రశ్నయే మఱల ఎదురగుచున్నది. ఒకవైపున మాత్రమే వసూలగు దానికి ఋణమని పేరు చెల్లదు. అది సుంకము.

రెండవ ఆక్షేపము ఇంతకంటె బలమైనది. కళాకారుడు తనకు తానై జనసమూహము నడుమకు వచ్చి తన దర్శనమునే ప్రదర్శనముగ చేసినచో ఋణము లేదనుట యెట్లు? ఇది అంగీకరింపవలసిన మాట. 2024 డిసెంబరు 4వ తేదీ రాత్రి హైదరాబాదున సంధ్యా థియేటరునందు 'పుష్ప-2' ప్రత్యేకప్రదర్శనమునకు కథానాయకుడు అల్లు అర్జున్ వచ్చినపుడు జరిగిన తొక్కిసలాటలో ఒక స్త్రీ మరణించెను, ఆమె కుమారుడు తీవ్రముగ గాయపడెను. ఆ నెల 13వ తేదీన నటుని అరెస్టు చేసిరి. ఉన్నతన్యాయస్థానము మధ్యంతర బెయిలు నిచ్చెను. ఎవరి దోష మెంత యనునది న్యాయస్థానములు తేల్చవలసినది. విమర్శకుడు చెప్పదగినది వేఱు. అక్కడ లోపించినది కళాకారుని కాలము కాదు, ప్రేమ కాదు, సభ. ఎవరెక్కడ కూర్చుండవలెనో, ఎందఱు రావలెనో, ఎప్పుడు ముగియునో తెలియని చోటికి దర్శనమును తెచ్చుట ఆ మరణమునకు నేపథ్యము. 2025 నవంబరు 1వ తేదీ ఏకాదశినాడు పలాస-కాశీబుగ్గ యందలి వేంకటేశ్వరాలయమున తొక్కిసలాటలో భక్తులు ప్రాణములు కోల్పోయిరి. అక్కడ దర్శనీయుడు సాక్షాత్తు దేవుడే. దర్శనార్థుల భక్తి స్వచ్ఛమైనదే. అయినను మేరలేని దర్శనము ప్రాణాంతకమైనది. నటుని విషయమున మూఢాభిమానమని తేలికగ నిందించువారు ఈ సామ్యమును మఱువరాదు.

కావున తన దర్శనమును తానే సభకు ఎక్కించిన కళాకారుడు ఋణపడును. కాని అతడు ఋణపడునది ప్రతివానికి ఒక చూపు, ఒక చేతిస్పర్శ కాదు. వచ్చినవారు క్షేమముగ ఇల్లు చేరునట్లు సభను సభగ నిర్వహించుట, లేదా నిర్వహింపబడనిచోటికి రాకుండుట అతని ఋణము. ఆ ఋణమున నిర్మాతకు, థియేటరువారికి, పోలీసువారికి భాగము కలదు. అవధానసభకు అధ్యక్షుడు ఉండుట అలంకారము కొఱకు కాదు.

మూడవ ఆక్షేపము సున్నితమైనది. 'ఇన్ని మేరలు గీయగా మిగులునది యేమి? త్రోవలో ఎదురైన పసివాడు చేయి చాచినను కళాకారుడు మొగము త్రిప్పుకొని పోవచ్చునా?' అని అడుగవచ్చును. పోవచ్చును, కాని పోకుండుట మంచిది. ఋణము కానిదెల్ల నిషిద్ధము కాదు. ఔదార్యమునకు విలువ వచ్చునది అది ఋణము కానందువలననే. బాకీగ వసూలుచేసిన చిఱునవ్వును చూచి సంతోషించువాడు ఏమి పొందినట్లు? దానముగ వచ్చిన ఒక్క మాట జీవితాంతము జ్ఞాపకముండును. అభిమాని దానిని హక్కుగ మార్చుకొన్ననాడు తనకు అందగల వస్తువులలో అపురూపమైన దానిని తానే పోగొట్టుకొనును. ఇక ఎదుటివానిని మనుష్యునిగ గుర్తించి, అవమానింపక, 'ఇప్పుడు వీలుపడదు' అని చెప్పుట యున్నదే, అది ఔదార్యము కాదు. అది ఎవరైనను ఎవరికైనను బాకీపడిన మర్యాద. ప్రసిద్ధి దానిని పెంచదు, తగ్గింపదు.

పై చర్చవలన తేలినది సంగ్రహముగ చెప్పవచ్చును. కళాకారుడు సభలో తన సంపూర్ణావధానమును ఋణపడినాడు. సభ వెలుపల మనుష్యమాత్రునకు గల మర్యాదను మాత్రమే ఋణపడినాడు. వెలుపలి దర్శనమును తానే సభగ మార్చినచో సభాపతి బాధ్యత అతనిని అంటును. ప్రజాప్రతినిధిగ మారినచో అతని కాలము నిజముగనే ప్రజలదగును. అభిమానికి మిగిలిన పని యొకటి యున్నది. పృచ్ఛకుడు అవధాని యెదుట కూర్చుండుటకు ముందు తానును ఛందస్సు నేర్చెను, సమస్యను తూచి చూచుకొనెను. అట్లే ప్రేక్షకుడు చిత్రమునకు, పాటకు, కథకు తన యవధానమును పూర్తిగ ఇచ్చినచో, నటుని ద్వారము చెంత గంటలకొలది నిలిచి పొందజూచినది అతనికి థియేటరులోనే చాలవఱకు లభించును. కళాకారునిలో ఇతరులకు పంచదగిన యుత్తమభాగము అప్పటికే అందు పంచబడి యున్నది.